గురువారం అక్క, ఆదివారం నేను

మార్చి 3, సోమవారం

తీసేశాను. ఊరు మొత్తం తీసేశాను. ఆట ఉన్న ఫోల్డరును పట్టుకుని చెత్తబుట్టలో పడేసి, ఆ బుట్టను కూడా ఖాళీ చేశాను. ఎనిమిదేళ్ళుగా ఇద్దరం కట్టిన ఊరు పోవడానికి రెండు నిమిషాలు పట్టలేదు. మంచి పని చేశాను. గురువారం వచ్చి ఏం ఆడుకుంటుందో ఆడుకోమను అక్కని.

అదే రోజు, టీ తాగాక

ఒళ్ళు ఇంకా మండుతూనే ఉంది. వరసగా రాసుకుంటే చల్లారుతుందేమో చూద్దాం.

పొద్దున్న పళ్ళు తయారుచేసే మా ల్యాబులో చెప్పులు విప్పానో లేదో యజమాని తన గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమన్నాడంటేనే ఏదో మూడిందని అర్థం.

"ఇవాళ్టి నుంచి మైనం పని వద్దమ్మా. కొన్నాళ్ళు ప్లాస్టరు బల్ల దగ్గర కూర్చో. చెయ్యి బాగయ్యాక చూద్దాం."

"నా చేతికేమైంది సార్?"

"మీ అక్క ఫోన్ చేసింది."

అంతే. ఆ తర్వాత ఆయన ఏమన్నాడో నా చెవికెక్కలేదు. పద్నాలుగేళ్ళుగా ఊళ్ళో సగం మంది నోళ్ళలో ఉన్న పళ్ళు నా మైనంలోంచి పుట్టినవే. ఆరో పన్నుకీ ఏడో పన్నుకీ మధ్య వెంట్రుకంత సందు కంటితో కొలిచే దాన్ని. ప్లాస్టరు కలిపి అచ్చుల్లో పోయడం చేరిన మొదటి రోజు ఎవరికైనా ఇచ్చే పని. అక్కడ కూర్చోబెట్టారు నన్ను.

చెయ్యి సంగతి నేను అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదు. అదీ జనవరిలో, మాటవరసకి, "నిద్ర చాలక కొంచెం వణుకుతోందే" అన్నాను. దాన్ని తీసుకెళ్ళి యజమాని చెవిలో వేసింది. నాతో ఒక్క మాట అనలేదు. నా మొహం మీద చెప్పే ధైర్యం లేక వెనక నుంచి పొడిచింది.

మార్చి 4, మంగళవారం

చెయ్యి బాగానే ఉంది. పొద్దున్న గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని వంటింట్లోంచి కిటికీ దాకా నడిచి చూశాను. రెండు చుక్కలు పడ్డాయి. గ్లాసు మరీ అంచుదాకా పోశాను కాబట్టి పడ్డాయి. ఎవరికైనా పడతాయి.

అక్క మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. "గురువారం వచ్చి తాళంచెవి పెట్టేసి పో" అని మెసేజ్ పంపాను. "సరే" అని వచ్చింది. సరేనట! సంజాయిషీ లేదు, సారీ లేదు.

ఇంకో సంగతి ఇవాళ తెలిసింది. అక్క ఆ ఫోన్ చేసింది జాలి కొద్దీనట, పోత మాస్టారి మీద. నేను మైనంలో చెక్కిన పళ్ళని లోహంలో పోసేది ఆయనే. పోయిన నెలలో నాలుగు బ్రిడ్జిలు, అంటే కట్టుడు పళ్ళ వరసలు, నోట్లో సరిపోవడం లేదని డాక్టర్ల దగ్గర్నుంచి వెనక్కి వచ్చాయి. పోత బాగాలేదని యజమాని ఆయన్ని నలుగురిలో తిట్టి, నెలాఖరుకి మానుకోమన్నాడు. ఈ సంగతి అక్కకి చెప్పిందీ నేనే. కబుర్లలో చెప్పాను. నా నోరే నా శత్రువు.

అయినా ఆయన పోతలో గాలి బుడగలు కొత్తా? ఎప్పుడో తొమ్మిదేళ్ళ కిందట ఒకసారి వచ్చాయి.

మార్చి 6, గురువారం

ఇంటికి వచ్చేసరికి తాళంచెవి కీబోర్డు మీద ఉంది. కంప్యూటరు తెరిచి చూసిందో లేదో తెలియదు. చీటీ ఏమీ లేదు.

బట్టలన్నీ మడతపెట్టి వెళ్ళింది. హోటల్లో లాండ్రీ చూసే మనిషి కదా, మడత కనపడకపోతే చెయ్యి ఊరుకోదు. తువ్వాళ్ళు మూడు మడతలు, పైన చిన్న తువ్వాలు అడ్డంగా. గిన్నెలు తుడిచే గుడ్డకి కూడా మడతే. నా ఇల్లు మనిషి ఉండే ఇల్లా, గెస్టులు దిగే రూమా?

అన్నీ విప్పి కుర్చీలో కుప్పపోశాను. అత్త మీద కోపం దుత్త మీద అంటారు. నాకు అత్తా లేదు, దుత్తా లేదు, తువ్వాళ్ళు ఉన్నాయి.

మార్చి 9, ఆదివారం

ఆదివారం నా వంతు. గురువారం అక్క వంతు. ఆమెకి వారానికొక సెలవు, అది గురువారం. ఇంట్లో బావ, కవల పిల్లలు, టీవీ. రెండు గంటలు నోరు మూసుకుని కూర్చునే చోటు కావాలని నా ఇంటికి వచ్చేది, నేను ల్యాబులో ఉండగా. ఊళ్ళు కట్టే ఆ పాత ఆట తెచ్చి పెట్టింది ఆమే. రోడ్లు, నీళ్ళ పైపులు, బడి, ఆసుపత్రి అన్నీ మనమే వేయాలి. ఒకే ఊరు, ఇద్దరం వంతులవారీగా. ఎవరి వంతులో వాళ్ళు ఒక బోర్డు పాతి పోవాలి, అదీ మా నియమం. బోర్డు మీద ఇరవై నాలుగు అక్షరాలకి మించి పట్టవు. మన లిపి రాదు, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కూరేవాళ్ళం.

"పైపు నువ్వే పగలగొట్టావు" అని నీళ్ళ ట్యాంకు దగ్గర. "మేయరమ్మకి కళ్ళు లేవా" అని నేను. "బావ అలిగాడు" అని ఒకసారి పార్కులో. "నాన్న కలలోకొచ్చాడు" అని ఆమె ఒకసారి రైలు స్టేషను ముందు పాతింది. ఫోన్లో చెప్పుకోని మాటలు బోర్డుల మీద చెప్పుకునేవాళ్ళం. ఎందుకో మరి.

ఇప్పుడు అవన్నీ లేవు. నేనే తీసేశాను. తీసేసినందుకు బాధ లేదు. కాకపోతే ఆదివారం మధ్యాహ్నం ఏం చేయాలో తోచక చస్తున్నాను.

పోయిన ఆదివారం కూడా ఆడలేదు. తెర మీది ఆట బొమ్మ మీద రెండుసార్లు నొక్కితే బొమ్మ పక్కకి జరిగిందే గానీ తెరుచుకోలేదు. అరగంట కుస్తీ పట్టి విసుగొచ్చి పడుకున్నాను. మౌసు పాతది. నిన్న కొత్తది కొన్నాను. ఇదీ దరిద్రపుదే.

అదే రోజు, సాయంత్రం

నా ఆట నేను ఆడుకుంటే తప్పేమిటి? కొత్త ఊరు కట్టుకుంటాను, ఒక్కదాన్నే. అక్క కోసం కాదు. బీరువాలోంచి డిస్కు తీసి పెట్టాను.

"ఈ ఆట మీ కంప్యూటర్లో ఇప్పటికే ఉంది" అంది. ఎక్కడుంది నీ మొహం, నేనే కదా తీసేసింది! కింద రెండు బటన్లు, బాగుచేయాలా, తీసేయాలా అని. బాగుచేయి అన్నాను. "అవసరమైన ఫైళ్ళు దొరకలేదు" అంది. సరే, తీసేయి అన్నాను. "తీసేయడానికి కావలసిన ఫైలు దొరకలేదు" అంది.

ఉందంటుంది. ఉంటే చూపించమంటే లేదంటుంది. లేకపోతే కొత్తది పెట్టు తల్లీ అంటే ఉందిగా అంటుంది. ఏడుసార్లు అదే పాట. మా యజమాని దీనికంటే నయం, ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు.

కంప్యూటరు మీద ఒకటి వేశాను. అరచెయ్యి వాచింది.

మార్చి 10, సోమవారం

ప్లాస్టరు. పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా ప్లాస్టరు.

మార్చి 11, మంగళవారం

చెయ్యి బాగానే ఉంది. ప్లాస్టరు బరువుకి నొప్పి పుడుతోంది, అంతే.

అక్క ఫోన్ చేయడం మానేసింది. మంచిదే.

మార్చి 12, బుధవారం

ఇది రాయకూడదనుకున్నాను. రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళాక పోత మాస్టారు నా బల్ల దగ్గరికి వచ్చారు. నిలువెత్తు మనిషి, కొలిమి దగ్గర నిలబడి నిలబడి వంగిపోయారు. జేబులోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. వెనక్కి వచ్చిన బ్రిడ్జిల్లో ఒకటి.

"నేనేం అడగడానికి రాలేదమ్మా. చూపిద్దామని వచ్చాను. ఇదిగో, ఈ అంచు చూడు. మెట్లు మెట్లుగా ఉంది."

"పోతలో అలా వస్తుంది కదండీ" అన్నాను.

"రాదమ్మా. పోతకి సొంత బుద్ధి ఉండదు. మైనం కరిగిపోయిన చోటే లోహం కూర్చుంటుంది. మైనంలో ఎలా ఉంటే అలా." దాన్ని మళ్ళీ పొట్లం కట్టారు. "నీ చేతి పని పద్నాలుగేళ్ళుగా పోస్తున్నాను. ఈ మెట్లు నీవి కావు అనుకున్నాను, అందుకే అయ్యగారితో ఏమీ అనలేదు. మీ అక్కయ్య ఫోన్ చేశాక నన్ను ఉండమన్నారు."

అంత మెల్లగా మాట్లాడారే, దానికే నాకు ఒళ్ళు మండింది. తిడితే తిట్టేదాన్ని. ఆడలేక మద్దెల ఓడన్నట్టు నా మైనాన్ని అంటారా అని అడుగుదామనుకున్నాను. అడగకుండా ప్లాస్టరు గిన్నె ముందుకు లాక్కున్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడానికి నేనేం దొంగని కాదు. నిద్ర చాలడం లేదు. అంతే కదా.

మార్చి 13, గురువారం

ఎవరూ రాలేదు. తువ్వాళ్ళు కుర్చీలో అలానే ఉన్నాయి.

మార్చి 15, శనివారం

కంప్యూటరు పెట్టెనీ ఆట డిస్కునీ ఆటోలో వేసుకుని రిపేరు షాపుకి పోయాను. షాపు నడిపేది ఒకావిడ. ముక్కు మీద కళ్ళజోడు, కళ్ళజోడు మీద దుమ్ము. మూడు నిమిషాలు చూసి నా వైపు తిరిగింది.

"ఫోల్డరు పట్టుకుని పీకేశారా?"

"నా కంప్యూటరే కదండీ."

"మీదేనమ్మా, కాదనలేదు. అద్దె ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు ఓనరుకి చెప్పి, తాళం ఇచ్చి పోవాలా వద్దా? మీరు సామాను వీధిలో విసిరేసి వెళ్ళిపోయారు. ఓనరు పుస్తకంలో మీ పేరు అలానే ఉంది. ఇంకొకళ్ళని ఎలా దింపుతాడు?"

"ఇప్పుడేం చేయమంటారు?"

ఆవిడ డిస్కు పెట్టి పావుగంట ఏదో కొట్టింది. "డిస్కులోంచి ఫైళ్ళన్నీ పాత చోట మళ్ళీ పెట్టాను. ఇంటికెళ్ళి ముందు పద్ధతిగా తీసేయండి. తీసేశాక కొత్తగా పెట్టుకోండి."

తీసేసిన దాన్ని మళ్ళీ పెట్టి, పెట్టిన దాన్ని మళ్ళీ తీసేసి, తీసేసిన దాన్ని మళ్ళీ పెట్టాలట. ఇంతకంటే రోలు తీసుకుని నెత్తిన కొట్టుకోవడం తేలిక. ఆ మాటే అన్నాను. ఆవిడ నవ్వలేదు.

"ఇంకోటమ్మా. మీరు ఆడిన ఊరు పోలేదు. అది వేరే ఫోల్డర్లో ఉంటుంది, ఈ ఆటకి అంతే. పోయిన నెల ఇరవై ఏడో తేదీన చివరిసారి దాచినట్టుంది. తీసేసేటప్పుడు చివర్లో ఒక ప్రశ్న అడుగుతుంది, దాచిన ఆటలు కూడా తీసేయాలా అని. వద్దు అనండి. చూసి నొక్కండి, అవును పక్కనే ఉంటుంది."

ఇరవై ఏడు గురువారం. అక్క వంతు.

ఊరు ఉంది. పన్నెండు రోజులుగా అక్కడే ఉంది. ఆటోలో ఏడ్చాను. కోపంతోనే. ఇన్నాళ్ళూ నన్ను ఏడిపించినందుకు.

మార్చి 16, ఆదివారం

చేతికి పని కల్పించకపోతే ఇవాళ గోడలు గుద్దుకునేదాన్ని. పది గంటలకి కూర్చున్నాను. తీసేయి అన్నాను. ఈసారి మాట విన్నది. గీత నిండుతూ నిండుతూ వచ్చి ఆగి అడిగింది. దాచిన ఆటలు కూడా తీసేయాలా? అవును. వద్దు. రెండు బటన్లు, బియ్యపు గింజలంత, ఒకదానికొకటి ఆనుకుని.

బాణం వద్దు మీద పెట్టాను. అవును మీదికి పోయింది. లాగాను. మళ్ళీ పోయింది. కొత్త మౌసు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాను. రెండూ కలిసి వణికాయి. చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుని చూశాను. ఒళ్ళో కూడా ఊరుకోలేదు. ఎవరి చెయ్యో తెచ్చి నాకు కుట్టినట్టుంది.

బాగాలేదు. నా చెయ్యి బాగాలేదు. నవంబరు నుంచి బాగాలేదు. ఆ నాలుగు బ్రిడ్జిల అంచులూ నావే. చెక్కుతున్నప్పుడే నాకు తెలుసు. తెలిసి పంపాను. ఆయన్ని నలుగురిలో తిడుతుంటే నేను పక్క బల్ల దగ్గర తల వంచుకుని ఇంకో పన్ను చెక్కుతున్నాను.

రాశాను. ఇక కొట్టేయను.

అదే రోజు, తర్వాత

అక్కకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"వచ్చి ఒక బటన్ నొక్కిపో" అన్నాను.

"ఏం బటనే?"

"రమ్మంటే రా."

ఇరవై నిమిషాల్లో వచ్చింది. ఇంట్లో కట్టుకున్న చీరతోనే. తాళంచెవి లేదు కాబట్టి గంట కొట్టింది. ఎనిమిదేళ్ళలో ఆమె నా గుమ్మంలో గంట కొట్టడం ఇదే మొదలు. లోపలికి వచ్చి ముందు కుర్చీలో కుప్ప చూసింది. మడతపెట్టబోయి ఆగింది.

"అది చదివి, వద్దు నొక్కు" అన్నాను.

చదివింది. నా వైపు తిరిగింది. "ఊరుందా?"

"నొక్కు ముందు."

నొక్కింది. ఒక్క దెబ్బకి. ఆ చేతిని చూస్తే కడుపు మండింది, అసూయే, ఇంకేం కాదు. తర్వాత డిస్కు పెట్టాం. "ఇప్పటికే ఉంది" అనే పాట పాడలేదు. పావుగంట పట్టింది.

"నా మొహం మీద చెప్పే ధైర్యం లేదు నీకు" అన్నాను చివరికి.

అక్క విసురుగా తిరిగింది. "చెప్పలేదా? చెప్పి మూడు రోజులు ఆగానే! ఆదివారం చూసుకుంటావు, నీ తిట్లు నువ్వు తిడతావు, సోమవారం పొద్దున్న నీతో మాట్లాడాకే ఆయనకి చేద్దామనుకున్నా. నువ్వు మాటా పలుకూ లేవు. సరే, చూసి కూడా నోరు మూసుకుందంటే ఒప్పుకున్నట్టే అనుకుని పొద్దున్నే చేసేశా. మర్నాడు 'తాళంచెవి పెట్టేసి పో' అన్నావు. గురువారం వచ్చి చూస్తే ఊరే లేదు. చూసే తీసేశావనుకున్నానే."

"ఏం చూసి?"

అక్క మౌసు అందుకుంది. ఆట తెరిచింది. మా ఊరు అలానే ఉంది, రోడ్ల మీద కార్లు తిరుగుతున్నాయి, నేను వంకరగా వేసిన వంతెన వంకరగానే ఉంది. ఆసుపత్రి గేటు ముందు కొత్త బోర్డు. ఫిబ్రవరి ఇరవై ఏడున పాతింది.

"చెప్పబోతున్నా. తిట్టు."

తిట్టాను. గట్టిగా తిట్టాను. ముందే నాకు ఫోన్లో ఎందుకు చెప్పలేదని, బోర్డు మీద రాసేంత పిరికిదానివా అని, నా బతుకు నీకు ఇరవై నాలుగు అక్షరాలా అని. ఆమె కూడా ఊరుకోలేదు. ల్యాబులో వేలు తెగితే కట్టు కట్టుకుని దాచావు, పళ్ళు అరగదీసే ఆ తిరిగే ముల్లు ఈసారి మణికట్టు మీదకి వస్తే ఎవరు దిక్కు, ఆ పెద్దాయన కొలువు పోతే నీకు ముద్ద దిగుతుందా, డాక్టరు దగ్గరికి రమ్మంటే జనవరి నుంచి వాయిదాలు వేస్తున్నావు, నేను ఇంకెవరికి చెప్పుకోను అని అరిచింది. పక్కింటివాళ్ళు గోడ కొట్టారు. ఇద్దరం ఒక్కసారే "ఆఁ!" అని గోడ మీద అరిచాం. అప్పుడు కొంచెం నవ్వొచ్చింది. కొంచెమే.

అరుస్తూనే తువ్వాళ్ళన్నీ మడతపెట్టేసింది. నేను విప్పలేదు.

వెళ్ళేటప్పుడు తాళంచెవి ఇవ్వబోతే తీసుకోలేదు. "డాక్టరు దగ్గరికి వస్తానంటేనే" అంది. కోపమొచ్చి తలుపు వేసేశాను.

మార్చి 17, సోమవారం

యజమాని గదిలోకి నేనే వెళ్ళాను. కూర్చోమనకముందే కూర్చున్నాను. నాలుగు బ్రిడ్జిలూ నా మైనం తప్పే, మాస్టారి పోతకి వంకలేదు, నలుగురిలో తిట్టారు కాబట్టి నలుగురిలోనే చెప్పండి అన్నాను. ఆయన చెప్పలేదు, గొణిగాడు. అందుకని భోజనాల వేళ నేనే లేచి చెప్పాను.

మాస్టారు తల ఊపి, "తెలుసులేమ్మా" అన్నారు. అంతే. తిడతారేమోనని ఎదురుచూశాను. తిట్టలేదు. సాయంత్రం దాకా నా మీద నాకే కోపం. ఇలాంటి కోపానికి ఎవరి మీద ఫోల్డర్లు తీసేయాలో తెలియదు.

మార్చి 18, మంగళవారం

డాక్టరు దగ్గర చీటీ తీసుకున్నాను. శుక్రవారం ఉదయం రమ్మన్నారు. తాళంచెవి బావ చేతికిచ్చి పంపాను.

మార్చి 19, బుధవారం

నా వంతు కాదు. అయినా కూర్చున్నాను. ఆట బొమ్మ మీద నొక్కకుండా కీబోర్డుతో తెరిచాను, షాపావిడ చెప్పిన చిట్కా. ఆసుపత్రి గేటు దగ్గర అక్క బోర్డు పక్కన ఒకటి పాతాను. ఎడమచేతి చూపుడు వేలితో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. రెండుసార్లు తప్పు పడింది. రెండుసార్లూ చెరిపి మళ్ళీ కొట్టాను. బోర్డు మీద ఇంకా ఆరక్షరాల చోటు మిగిలింది.

"చెప్పాల్సింది నేను."

రేపు గురువారం.